పిల్లికూతల నుంచి ఇరవై ఏళ్ల దాకా: పిల్లల ఊపిరితిత్తుల పెరుగుదల చూసుకోవడం ఎలా

మా వంటింటి గుమ్మం పక్కన గోడ మీద పెన్సిల్ గీతలుంటాయి. ప్రతి ఉగాదికీ మావాణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి గీసినవి. పదమూడో ఏటి గీత నుంచి పక్కనే ఇంకో అంకె కూడా ఉంటుంది. 1.9, తర్వాత 2.4, ఆ పైన 3.0. అవి లీటర్లు. ఒక్క సెకనులో వాడు బయటికి ఊదగలిగిన గాలి.

మొదటి పన్నెండేళ్లూ ఆ అంకె ఎందుకు లేదంటే, అలాంటిది ఒకటుంటుందని మాకు తెలియదు. పదకొండో నెలలో మొదలైన పిల్లికూతలు ఏడేళ్లు నిండేసరికి ఆగిపోయాయి. "వయసుతో పాటే పోతుందన్నాగా" అన్నారు మా అత్తయ్య. మేమూ మందులు అటకెక్కించేశాం. పదమూడో ఏట స్కూల్లో కబడ్డీ ఆడుతూ కూత మధ్యలోనే ఆయాసమొచ్చి కూర్చుండిపోయాడు. ఆ వారం చేయించిన పరీక్షలో తేలింది, వాడి ఎత్తుకీ వయసుకీ ఉండాల్సిన గాలిలో 78 శాతమే వస్తోందని. ఛాతీలో ఒక్క కూత కూడా లేదు.

చప్పుడు ఆగడం వేరు, ఊపిరితిత్తి సరిగ్గా పెరగడం వేరు. ఆ తేడా మాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే తెలియాలని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. పదిహేడేళ్లుగా ఈ పిల్లాడి ఫైలు మోస్తున్న తల్లిని. మందు మోతాదు ఎప్పుడూ మీ డాక్టరు రాసిచ్చిందే.

1. ముందు అది ఏ చప్పుడో తేల్చుకోండి

ఛాతీలో ఏం వినిపించినా మన ఇళ్లలో "నెమ్ము చేసింది" అనేస్తాం. ఆ ఒక్క మాటలో మూడు నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి.

రొంప పట్టి ముక్కు దిబ్బడేస్తే వచ్చేది గుర్రుగుర్రు. ఉప్పునీటి చుక్కలు వేసి ముక్కు శుభ్రం చేస్తే తగ్గిపోతుంది. కఫం అడ్డుపడితే గరగర. వీపు మీద అరచేయి పెడితే తెలుస్తుంది, దగ్గగానే మారుతుంది. గాలి లోపలికి పీల్చేటప్పుడు గొంతు దగ్గర బొంగురుగా కీచుమంటే అది పైదారిలో వాపు, దాని వైద్యం వేరు. పిల్లికూత అంటే గాలి బయటికి వదిలేటప్పుడు ఛాతీలోంచి వచ్చే సన్నటి ఈల. సన్నటి గొట్టాలు ముడుచుకుపోయి, ఆ ఇరుకులోంచి గాలి పోతుంటే వచ్చే చప్పుడది.

రాత్రి రెండింటికి వినిపించిన కూత పొద్దున పదింటికి డాక్టరు చెవికి వినిపించదు. ఇది అందరికీ అనుభవమే. కాబట్టి ఫోన్లో వీడియో తీయండి. చొక్కా విప్పి, గడ్డం నుంచి బొడ్డు దాకా కనపడేలా, లైటు వేసి, టీవీ ఆపేసి, అర నిమిషం చాలు. డొక్కలెగరేస్తున్నాడా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటోందా, కూత ఎప్పుడొస్తోంది, అన్నీ అందులో పడతాయి. నేను నోటితో చెప్పిన ఏడు నిమిషాల కథ కంటే ఆ అర నిమిషం వీడియోనే మా డాక్టరుకు ఎక్కువ పనికొచ్చింది.

నిద్రలో ఉన్నప్పుడు నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టడం కూడా నేర్చుకోండి. రెండు నెలల లోపు పాపాయికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఆ అంకెకు చేరినా దాటినా వేగంగా పీలుస్తున్నట్టే, చూపించాలి.

2. కూతలన్నీ ఉబ్బసం కాదు. కానీ కొన్ని అవును

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టూసాన్ నగరంలో 1980లో ఒక పరిశీలన మొదలైంది. పన్నెండు వందల పైచిలుకు పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించారు. 1995లో ఫెర్నాండో మార్టినెజ్ బృందం ప్రకటించిన ఫలితాల్లో, ఆరేళ్లు వచ్చేసరికి దాదాపు సగం మంది ఏదో ఒకప్పుడు పిల్లికూతలు పడ్డవాళ్లే. దాదాపు 20 శాతం మందికి మూడేళ్లలోపు వచ్చి ఆరేళ్లకల్లా పోయాయి. సుమారు 15 శాతం మందికి మూడేళ్ల తర్వాతే మొదలయ్యాయి. దాదాపు 14 శాతం మందికి చిన్నప్పుడు వచ్చినవి ఆరేళ్లకీ పోలేదు.

అంటే మా అత్తయ్య మాట పూర్తిగా తప్పు కాదు. చాలామందికి పోతాయి. మనవాడు ఏ గుంపులో ఉన్నాడన్నదే ప్రశ్న. అదే బృందం తర్వాత ఒక లెక్క చెప్పింది. మూడేళ్లలోపు కూతలు పదేపదే వస్తూ, తల్లికో తండ్రికో ఉబ్బసం ఉన్నా, బిడ్డకి గజ్జిలాంటి ఎగ్జిమా ఉన్నా అనుమానం పెంచుకోవాలి. ఆ రెండూ లేకపోతే చిన్న గుర్తులు మూడు చూస్తారు. జలుబు లేకపోయినా కూతలు రావడం, తుమ్ములు, ముక్కు కారడంతో కూడిన అలర్జీ, రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు 4 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండడం. వీటిలో రెండు కలిసినా అనుమానించాల్సిందే. ఇవేవీ లేకపోతే బడి వయసుకు ఉబ్బసంగా మారే అవకాశం బాగా తక్కువ.

మా వాడికి మోచేతి మడతల్లో దురద, మా ఆయనకి చిన్నప్పుడు ఉబ్బసం. రెండూ కళ్లెదుట ఉన్నా లెక్క కలపలేదు.

ఇక కొన్నిటిని ఉబ్బసం ఖాతాలో వేసేయకూడదు. నిన్నటిదాకా బాగున్న రెండేళ్ల బిడ్డ ఆడుకుంటూ ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై, ఆ తర్వాత ఒక పక్కనే కూత వినిపిస్తుంటే వేరుశనగ గింజో, సీతాఫలం గింజో, చింతపిక్కో ఊపిరి గొట్టంలోకి పోయిందేమోనని చూడాలి. ఇలాంటివి వారాల తరబడి "నెమ్ము" పేరుతో సిరప్పుల మీద నడిచిన సందర్భాలు విన్నాను. రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కలిస్తే టీబీ పరీక్ష. పాలు తాగుతుంటే చెమటలు పట్టి అలసిపోతే గుండె పరీక్ష. పుట్టినప్పటి నుంచే చప్పుడుంటే గొట్టాల నిర్మాణంలో తేడా ఉందేమో చూడాలి.

3. లోపల జరుగుతున్న కట్టడం

ఇది అర్థమైతే మిగతావన్నీ ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

గాలి గొట్టాల పెద్ద కొమ్మలన్నీ బిడ్డ కడుపులో ఉండగానే, నాలుగో నెల ముగిసేసరికే చీలిపోయి ఉంటాయి. ఆ తర్వాత కొత్త కొమ్మలు రావు. ఉన్నవే పొడవై, వెడల్పవుతాయి. చివర్లో ఉండే గాలి తిత్తులు అలా కాదు. పుట్టినప్పుడు రెండు మూడు కోట్లుంటే, పెద్దయ్యేసరికి ముప్పై కోట్లు దాటతాయి. ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే ఏర్పడతాయి కానీ, టీనేజీలో కూడా కొత్తవి పుడుతూనే ఉంటాయని ఇటీవలి పరిశోధనలు చూపించాయి.

పసిపిల్లలకే కూతలెక్కువ ఎందుకంటే, కొబ్బరిబొండం స్ట్రాతో ఒకసారి, చిన్న జ్యూస్ డబ్బా స్ట్రాతో ఒకసారి గాలి ఊది చూడండి. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే, గాలికి ఎదురయ్యే అడ్డు రెండింతలు కాదు, పదహారింతలు పెరుగుతుంది. పెద్దవాళ్లకు పడిశంగా పోయే వాపు పాపాయిని డొక్కలెగరేసేలా చేసేది అందుకే. మగపిల్లల్లో ఊపిరితిత్తి సైజుకు గొట్టాలు కాస్త సన్నగా ఉంటాయి కాబట్టి చిన్నప్పుడు కూతలు వాళ్లకే ఎక్కువ.

ఆడపిల్లల్లో పద్దెనిమిది దాకా, మగపిల్లల్లో ఇరవై దాటాక కూడా ఊదగలిగే గాలి పెరుగుతూ పోతుంది. కొన్నాళ్లు అక్కడే నిలబడి, ఆ తర్వాత మెల్లగా తగ్గడం మొదలవుతుంది. అంటే జీవితమంతా ఖర్చు పెట్టుకోవాల్సిన డబ్బు ఇరవై ఏళ్లలోపే కూడబెట్టుకోవాలి. 2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, పెద్ద వయసులో సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి ఊపిరితిత్తులు వేగంగా ఏమీ అరిగిపోలేదని తేలింది. వాళ్లు వయసులోకి వచ్చేసరికే తక్కువతో మొదలయ్యారు.

4. రాత్రి అటాక్ వస్తే

కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి. అర్ధరాత్రి బుర్ర పనిచేయదు.

బిడ్డను పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టాలి. ముడుచుకున్న గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో (నోటికీ ఇన్‌హేలర్‌కీ మధ్య పెట్టే గొట్టం) ఇవ్వాలి. ఐదేళ్లలోపు వాళ్లకు ఒక్కొక్కటిగా 2 నుంచి 6 పఫ్‌లు, ఆ పై వయసు వాళ్లకు 4 నుంచి 10 దాకా, అవసరమైతే 20 నిమిషాలకోసారి చొప్పున మొదటి గంటలో మూడుసార్లు. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న పరిధి ఇది. మీ పిల్లాడికి ఎన్ని అన్నది ముందే డాక్టరు చేత్తో రాయించుకోండి. మొదటి దఫాకే తగ్గి, మూడు నాలుగు గంటలు నిలిస్తే పొద్దున చూపించొచ్చు. తగ్గకపోతే రెండో దఫా ఇస్తూనే బయల్దేరాలి.

కొన్ని గుర్తులు కనపడితే లెక్కలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి. పెదాలు నీలంగా మారడం, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పాలు తాగలేకపోవడం, మగతగా వాలిపోవడం, వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో 92 కంటే తక్కువ చూపించడం. ఇంకొకటి ఉంది, అదే అందరినీ మోసం చేస్తుంది. అప్పటిదాకా గట్టిగా వినిపించిన కూత ఆగిపోయి, పిల్లాడు ఇంకా డొక్కలెగరేస్తూనే ఉంటే తగ్గిందని సంబరపడకండి. ఈల వెయ్యడానికి కూడా గాలి ఆడట్లేదని అర్థం.

5. స్పేసర్ వాడడం: చిన్న పనే, కానీ అందరం తప్పు చేస్తాం

మేం రెండేళ్లు తప్పుగా వాడాం. ఇన్‌హేలర్ సరాసరి నోట్లో పెట్టి నొక్కితే మందులో ఎక్కువ భాగం నాలుకకీ గొంతు వెనక్కీ కొట్టుకుంటుంది. మధ్యలో స్పేసర్ గొట్టం ఉంటే మందు మేఘంలా ఆగుతుంది, పిల్లాడు తన తీరికలో పీలుస్తాడు.

మూత తీసి ఇన్‌హేలర్‌ని ఐదారుసార్లు బాగా ఊపండి. కొత్తదైనా, వారం పదిరోజులు వాడకపోయినా మొదటి రెండు పఫ్‌లు గాలిలోకి కొట్టేయండి. స్పేసర్‌కి బిగించి, మాస్కుని ముక్కూ నోరూ కప్పేలా బుగ్గలకు ఆనించండి. గాలి సందు ఉండకూడదు. ఒక్క పఫ్ నొక్కి, మాస్కు అలాగే పట్టుకుని ఆరు ఊపిరులు లెక్కపెట్టండి. మా వాడికి అంకెలు రాని రోజుల్లో "ఒప్పుల కుప్ప, వయ్యారి భామ" అంటూ లెక్క సరిపెట్టేదాన్ని. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండో పఫ్. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కితే మందు వృథా.

గుక్కపెట్టి ఏడుస్తున్న బిడ్డకు మందు లోపలికి బాగా వెళ్తుందనుకుంటారు. వెళ్లదు. ముందు ఒళ్లో కూర్చోబెట్టుకుని మాస్కును బొమ్మకి పెట్టి, తర్వాత మీరు పెట్టుకుని, అప్పుడు బిడ్డకి పెట్టండి. నాలుగైదేళ్లు వచ్చాక మాస్కు తీసేసి, పెదాలతో గొట్టం పట్టుకుని పీల్చడం నేర్పాలి. స్టిరాయిడ్ ఇన్‌హేలర్ అయితే చివర్లో నోరు పుక్కిలించి ఉమ్మించాలి, మాస్కు వాడితే ముఖం కూడా తుడవాలి.

వారానికోసారి స్పేసర్‌ని గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచి తీసి, అలాగే ఆరనివ్వండి. గుడ్డతో లోపల తుడిస్తే ప్లాస్టిక్‌కి స్థిరవిద్యుత్తు పుట్టి మందంతా గోడకే అంటుకుంటుంది.

ఇంకొక తప్పు చెప్పుకోవాలి. ఒకసారి ఖాళీ డబ్బాతో దాదాపు రెండు వారాలు గడిపేశాం. నొక్కితే 'పుస్' మంటూనే ఉంది, అది ఉట్టి గాలి. మందు అయిపోయినా లోపల మిగిలిన వాయువు కొడుతూనే ఉంటుంది. డబ్బా మీద 200 పఫ్‌లు అని ఉంటే అన్నే. అంకె చూపించే మీటరున్న డబ్బా కొనండి. లేకపోతే మొదలుపెట్టిన తేదీ పెన్నుతో రాసి రోజుల లెక్క వేసుకోండి. నీళ్లలో తేలుతుందా మునుగుతుందా అని చూసే పద్ధతి నమ్మదగ్గది కాదు.

ఇంట్లో నెబులైజర్ మిషను ఉంటేనే మంచిదని చాలామంది అనుకుంటారు. సరిగ్గా వాడితే మామూలు అటాక్‌లో స్పేసర్ దానికేమీ తీసిపోదు, కరెంటు అక్కర్లేదు, బస్సులో కూడా వాడొచ్చు.

6. రోజూ వాడాల్సిన మందు, దాని చుట్టూ ఉన్న భయాలు

అటాక్ వచ్చినప్పుడు గొట్టాలు తెరిచేది ఒక మందు, లోపలి వాపును రోజూ అణచిపెట్టేది ఇంకొకటి. రెండో దాంట్లో ఉండేది స్టిరాయిడ్. ఆ పేరు వినగానే మందుల షాపులోనే వెనక్కి ఇచ్చేసేవాళ్లను చూశాను.

ఒక పఫ్‌లో ఉండే బ్యుడెసొనైడ్ అనే స్టిరాయిడ్ 100 మైక్రోగ్రాములు. అదే అటాక్ ముదిరితే 15 కిలోల పిల్లాడికి సిరప్పుగా ఇచ్చే స్టిరాయిడ్ రోజుకు 15 మిల్లీగ్రాముల పైనే, అంటే అలాంటి 150 పఫ్‌ల బరువు, అదీ ఒళ్లంతా తిరుగుతుంది. ఇన్‌హేలర్ మానేసి ఏడాదికి నాలుగుసార్లు సిరప్పు తాగించే ఇంట్లోనే స్టిరాయిడ్ ఎక్కువ వాడుతున్నట్టు.

ఎత్తు తగ్గుతుందా? కొంచెం, నిజమే. అమెరికా, కెనడాల్లో 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 1,041 మందితో క్యాంప్ అనే పరీక్ష జరిగింది. నాలుగు నుంచి ఆరేళ్లు రోజూ బ్యుడెసొనైడ్ పీల్చినవాళ్లు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తుతో ఆగారు. నా పిల్లాడి గోడ గీతలో అది చిటికెన వేలి మందం. రాత్రులు నిద్రపోవడానికి ఆ మాత్రం ఇస్తాననుకున్నాను.

అయితే ఈ మందు ఊపిరితిత్తిని పెంచేస్తుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. అదే క్యాంప్ పిల్లల్లో 684 మందిని యవ్వనం దాకా పరిశీలించి 2016లో ఫలితాలు ఇచ్చారు. పెరుగుదల, ఆ తర్వాతి తగ్గుదల రెండూ మామూలుగా ఉన్నది నాలుగో వంతు మందిలోనే. చిన్నప్పుడు ఏ మందు ఇచ్చారన్నది ఆ తీరును పెద్దగా మార్చలేదు. మందు చేసేది అటాకులు తగ్గించడం, ఆసుపత్రి తప్పించడం, పిల్లాణ్ణి పరిగెత్తనివ్వడం. మిగతాది పొగ, ఇన్ఫెక్షన్లు, తిండి, కొలతలు చూసుకుంటూ మనం కాపాడుకోవాల్సిందే.

ఉబ్బసానికీ అలర్జీకీ ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్రలు ఎవరికి పడితే వాళ్లకు రాస్తుంటారు. ఆ మందు మీద 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ తన గట్టి హెచ్చరిక పెట్టింది. చిరాకు, పీడకలలు, దిగులు, కొందరిలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు. మాత్ర మొదలుపెట్టాక పిల్లాడి తీరు మారితే వెంటనే డాక్టరుకు చెప్పండి.

మృగశిర కార్తె వస్తే హైదరాబాద్‌లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు కోసం బారులు తీరడం మనకు కొత్త కాదు. మా ఊరి నుంచీ వెళ్లేవాళ్లు. నమ్మకం మీద వాదన పెట్టుకోను. కానీ ఉబ్బసం మీద అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు, ఆయాసంతో ఉన్న పసిబిడ్డ గొంతులో బతికున్న కొర్రమీను పిల్లను వేయడం ప్రమాదం. అన్నిటికంటే పెద్ద నష్టం, మందు వేయించుకొచ్చామని ఆ రోజు నుంచే ఇన్‌హేలర్ మానేయడం.

7. పొగ ఎక్కడెక్కడుందో ఇల్లంతా తిరిగి చూడండి

ఇది ముఖ్యంగా బిడ్డకి మూడేళ్లలోపు, ఇంకా చెప్పాలంటే తల్లి కడుపుతో ఉన్నప్పటి నుంచే. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువగా పుట్టినా, ఇంట్లో ఎవరో సిగరెట్టూ బీడీ చుట్టా కాలుస్తున్నా ఆ ఊపిరితిత్తి మొదటి రోజే వెనకబడి మొదలవుతుంది.

తలంటు పోసి సాంబ్రాణి పొగలో బిడ్డను పట్టుకోవడం మాకూ ఆచారమే. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. అయినా రెండోవాడి విషయంలో మానేశాం. జుట్టు పొడి తువ్వాలుతో కూడా ఆరుతుంది. దోమల చక్రం బదులు తెర కట్టండి. ఎండుమిర్చి వేసి పోపు పెట్టేటప్పుడు బిడ్డను వంటింట్లో ఉంచకండి. మా గుంటూరు వైపు మిరపకాయలు ఎండబోసే రోజుల్లో కల్లాల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లొద్దు. భోగి మంటల్లో కట్టెలు వేసినా పొగే, పాత టైర్లు వేస్తే ఇంకా విషం. దీపావళి రాత్రి కిటికీలు మూసి, మరుసటి రోజు కూడా రోజూ వాడే మందు తప్పకుండా ఇవ్వండి.

ఊళ్లో గాలి మన చేతిలో లేదంటారా? దక్షిణ కాలిఫోర్నియాలో పిల్లల్ని 11 నుంచి 15 ఏళ్ల దాకా మూడు కాలాల్లో కొలిచారు. 1990ల మధ్య నుంచి 2010 దాకా అక్కడ వాహనాల పొగ తగ్గుతూ వచ్చింది. పదిహేనేళ్లకు ఊదే గాలి బాగా తక్కువగా ఉన్న పిల్లలు 7.9 శాతం నుంచి 6.3కి, తర్వాత 3.6కి తగ్గారు. గాలి శుభ్రపడితే ఎదిగే వయసులో ఊపిరితిత్తి అంది పుచ్చుకుంటుందన్నమాట.

టీకాల కార్డు కూడా తీసి చూడండి. న్యుమోనియా నుంచి కాపాడే పీసీవీ టీకా ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలలో. ఫ్లూ టీకా ఏటా డబ్బు పెట్టి వేయించుకోవాలి.

8. ఐదారేళ్ల నుంచి కొలవడం మొదలుపెట్టండి

మేం తప్పిపోయిన మెట్టు ఇదే.

స్పైరోమెట్రీ పరీక్ష ఐదారేళ్ల పిల్లలు చేయగలరు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నిండుగా పీల్చి, పుట్టినరోజు కొవ్వొత్తులన్నీ ఒక్కసారి ఆర్పినట్టు ఊదమంటారు. "ఊదు, ఊదు, ఇంకా, ఇంకా" అంటూ పక్కన ఒకరు అరుస్తూనే ఉండాలి. కనీసం మూడుసార్లు సరిగ్గా రావాలి. మొదటిసారి మా వాడు నవ్వేసి ఆపేశాడు. పరీక్షకు ముందు నాలుగు గంటలు సాల్బుటమాల్ వాడకూడదు, జలుబు తగ్గాక వెళ్లాలి.

కాగితం మీద అంకెలు చాలా ఉంటాయి. మూడు చూడండి. ఎఫ్‌వీసీ అంటే మొత్తం ఊదిన గాలి. ఎఫ్ఈవీ1 అంటే అందులో మొదటి సెకనులో వచ్చింది. మూడోది వాటి నిష్పత్తి. పెద్దల్లో 0.70 కంటే తగ్గితే అనుమానిస్తారు కానీ, పిల్లల్లో మామూలుగా 0.90 దగ్గరుంటుంది. అందుకే 0.78 వచ్చిన పిల్లాడి రిపోర్టు చూసి "70 పైనే ఉందిగా" అని సరిపెట్టుకోకూడదు. మందు పీల్చాక మళ్లీ ఊదితే ఎఫ్ఈవీ1 12 శాతానికి పైగా పెరిగితే గొట్టాలు ముడుచుకుని ఉన్నాయనడానికి బలమైన సాక్ష్యం.

ఒక్క రిపోర్టు కంటే ఏటా వచ్చే రిపోర్టుల వరస ముఖ్యం. ఎత్తు పెరుగుతుంటే, ఉండాల్సిన గాలిలో ఎంత వస్తోందన్న శాతం నిలబడాలి. పిల్లాడు ఆరు సెంటీమీటర్లు పెరిగి, శాతం 92 నుంచి 84కి దిగితే, కూతల్లేకపోయినా డాక్టరును అడగండి. గోడ మీద గీతల పక్కన అంకె వేయడం అందుకే మొదలుపెట్టాం.

ఆటలు మాన్పించొద్దు. పరిగెత్తితే దగ్గొచ్చే పిల్లాడికి కావాల్సింది సరైన వైద్యం, గ్రౌండు పక్కన కుర్చీ కాదు.

9. టీనేజీ: అందరూ వదిలేసే వయసు

పన్నెండు నుంచి పదిహేను మధ్య మగపిల్లలు ఒక్కసారిగా సాగుతారు. కాళ్లు ముందు పెరుగుతాయి, ఊపిరితిత్తి దాని వెనకాల కొన్ని నెలల తర్వాత అందుకుంటుంది. ఆ సందులో ఆయాసం కొత్తగా తెలియొచ్చు. చిన్నప్పుడు మగపిల్లల్లో ఎక్కువున్న ఉబ్బసం ఈ వయసు దాటాక ఆడపిల్లల్లో ఎక్కువవుతుంది. నెలసరి ముందు రోజుల్లో ఆయాసం పెరిగే అమ్మాయిలుంటారు. సిగ్గుపడి చెప్పరు. తల్లే తేదీలు కలిపి చూడాలి.

మందు విషయంలోనూ ఈ వయసులో ఒక మార్పుంది. 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు పన్నెండేళ్లు దాటినవాళ్లకు ఉట్టి సాల్బుటమాల్ మీదే నెట్టుకురావద్దంటున్నాయి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేదాంట్లో కూడా స్టిరాయిడ్ ఉండాలని, బ్యుడెసొనైడ్, గొట్టాలు తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ వాడమంటున్నాయి. మా వాడిది ఇప్పుడు అదే. ఒకే డబ్బా ఉండడంతో మర్చిపోవడం తగ్గింది.

ఇక ఇంటర్ హాస్టల్. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదకొండు దాకా చదివించే చోట, గదికి ఎనిమిది మంది, దుమ్ము పట్టిన పరుపులు, అందరికీ ఒకేసారి జలుబు. మా వాడు వెళ్లిన చోట మందులన్నీ వార్డెన్ దగ్గర పెట్టాలన్నారు. రాత్రి రెండింటికి ఆయాసమొస్తే వార్డెన్ తలుపు కొట్టాలి. నేను వెళ్లి డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించి, ఇన్‌హేలర్ పిల్లాడి జేబులోనే ఉండాలని పట్టుబట్టాను. చేర్చేముందే మీరు ఈ ఒక్కటి తేల్చుకోండి. ఇద్దరు రూమ్మేట్లకు ఎలా ఇవ్వాలో చూపించి రండి. వాళ్లు వార్డెన్ కంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

మొదటి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు డబ్బా మీటరు చూశాను. రెండు నెలల్లో పద్నాలుగు పఫ్‌లు కదిలింది. రోజుకి రెండు వాడాలి.

"వేసుకుంటున్నావా నాన్నా?"

"వేసుకుంటున్నానమ్మా."

మీటరు చూపించలేదు, తిట్టలేదు. ఎందుకు దాస్తున్నావని మాత్రం అడిగాను. "పఫ్ కొడుతుంటే వెనక బెంచీవాళ్లు ఈల వేస్తారు" అన్నాడు. వేళలు మార్చాం. పొద్దున పళ్లు తోముకునేటప్పుడు, రాత్రి బాత్రూంలో. అంతే. టీనేజీ పిల్లలకు ఉపన్యాసం కంటే ఎవరూ చూడని జాగా ఎక్కువ పనికొస్తుంది. డాక్టరు దగ్గర కూడా పది నిమిషాలు మీరు బయట కూర్చుని వాణ్ణొక్కణ్ణే మాట్లాడనివ్వండి. సిగరెట్టు, వేప్ గురించి నిజం అప్పుడే వస్తుంది. ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచే నిషేధం, అయినా దొరుకుతూనే ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక. ఈ వయసులో ఆటల మధ్యలో గొంతు బిగుసుకుపోయి, పీల్చేటప్పుడు చప్పుడొచ్చి, ఇన్‌హేలర్‌కి తగ్గక, ఆగగానే ఐదు నిమిషాల్లో సర్దుకునే బాధ ఒకటుంది. స్వరపేటిక తప్పుడు వేళలో మూసుకోవడం వల్ల వస్తుంది. ఉబ్బసం మందు ఎంత పెంచినా పనిచేయదు, ఊపిరి తీసుకునే పద్ధతి నేర్పించాలి. మొదటి మెట్టులో చెప్పిన వీడియో మళ్లీ ఇక్కడ పనికొస్తుంది.

10. పద్దెనిమిది దాటాక ఫైలు వాడి చేతికి

పిల్లల డాక్టరు దగ్గర్నుంచి పెద్దల డాక్టరుకి మారే దారిలో చాలామంది ఫైలు జారిపోతుంది. మారేముందు ఒక కాగితం మీద రాయించుకోండి. ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరాడు, ఏది పడదు, ఇప్పటి మందు, మోతాదు. దాంతో పాటు పాత స్పైరోమెట్రీ రిపోర్టులన్నీ ఫోటో తీసి వాడి ఫోన్లో వేయండి. ఇరవై, ఇరవై రెండేళ్ల మధ్య తీసిన ఎఫ్ఈవీ1 అంకె వాడికి జీవితాంతం కొలబద్ద. నలభయ్యో ఏట ఏదైనా తేడా వస్తే పోల్చి చూసేది దానితోనే.

మొన్న ఉగాదికి మా వాణ్ణి మళ్లీ గోడకి నిలబెట్టాను. పద్దెనిమిదేళ్లు. స్కేలు పెడితే నిరుటి గీత మీదే పడింది, కొత్తది గీయడానికి లేదు. ఎత్తు అయిపోయింది. పక్కన అంకె మాత్రం నిరుడు 3.6. ఈసారి 3.8 వేశాను.